ఇంకా నాలుగు కాలేదు

మూడో తరగతి టీచర్‌కు గడియారం పాఠమంటే మహా ఇష్టం. పిల్లలకు ఇష్టమా కాదా అని ఎవరడిగారు లెండి. సోమవారం పొద్దున్నే అట్ట గడియారాన్ని మేకుకు తగిలించి, ముళ్ళు తిప్పుతూ ఒక్కొక్కరినీ లేపి అడిగింది. తప్పు చెప్పినవాళ్ళు గడియారం కావాలి. అదీ ఆవిడ పద్ధతి. ముఖం గోడకు, వీపు తరగతికి పెట్టి నిలబడాలి. ఎడమ చేతిలో పొడుగు బెత్తం, అది పెద్ద ముల్లు. కుడి చేతిలో స్కేలు, అది చిన్న ముల్లు. మిగతా పిల్లలు వంతులవారీగా వచ్చి ఆ చేతులు తిప్పి టైము పెడతారు.

ఆ సోమవారం గడియారమైంది నత్త. నత్త అంటే చివరి బెంచీ పిల్ల. తినడం నెమ్మది, రాయడం నెమ్మది, చివరికి ఏడవడం కూడా నెమ్మదే కనక ఆ పేరు. పెట్టింది టీచరే, పిల్లలు దాన్ని అరగదీశారంతే.

"బుర్ర పనికిరాకపోయినా చేతులు పనికొస్తున్నాయి చూడండి," అంది టీచర్. తరగతి నవ్వింది. నవ్వక చస్తారా, రేపటి గడియారం ఎవరో ఎవరికి తెలుసు.

రేపటి గడియారమూ నత్తే అయింది. ఎల్లుండిదీ నత్తే. లీడర్ పిల్లయితే దాని చేతులు ఒకదాని మీదుగా ఒకటి మెలితిప్పి తొమ్మిదుంపావు పెట్టి, అలాగే వదిలేసి మంచినీళ్ళకు వెళ్ళింది. వచ్చేదాకా నత్త కదల్లేదు. ఇంకొకరైతే కడుపునొప్పని బడి ఎగ్గొట్టేవాళ్ళు. నత్త మానలేదు. దానికి గడియారం చూడ్డం రావాలి. వచ్చి తీరాలి.

ఎందుకంటే వాళ్ళమ్మ నాలుగింటికి వస్తుంది. అలాగని నానమ్మ చెప్పింది.

వానలు మొదలైన రోజుల్లో అత్తాకోడళ్ళకు మాటా మాటా పెరిగి, నత్త తల్లి సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కితే ఒట్టు అని అరిచి మరీ వెళ్ళింది. వీధి వీధంతా వింది. బళ్ళో ఉన్న నత్త ఒక్కతే వినలేదు. సాయంత్రం వచ్చి అమ్మేదని అడిగితే, "నాలుగింటికొస్తుందిలే," అంది నానమ్మ. ఆ పూటకు నోరు మూయించడానికన్న మాట. భలే పనిచేసింది. ఇక రోజూ దాన్నే వాడుకుంది. బడి నుంచి రాగానే "నాలుగైందా నానమ్మా?" అంటే "ఇంకా కాలేదు." కాసేపాగి మళ్ళీ అడిగితే, "ఎప్పుడో దాటిపోయింది, ఇక రేపే."

నత్తకు అర్థమైంది ఇదీ: అమ్మ రోజూ నాలుగింటికి వస్తోంది. గుమ్మంలో తను కనపడక వెళ్ళిపోతోంది. తప్పు తనదే. ఆ నాలుగేదో కనిపెట్టి, ఆ వేళకు గుమ్మంలో ఉంటే చాలు.

గురువారానికి చదువొచ్చింది. బుర్రలోకి కాదు, భుజాల్లోకి. ఆరున్నరంటే హాయి, రెండు చేతులూ కిందికే. పన్నెండంటే రెక్కలు ఊడతాయి. నాలుగంటే ఎడమ చెయ్యి నిటారుగా పైకి, కుడి చెయ్యి పక్కకి, కొంచెం కిందికి. గోడకు ముక్కు ఆనించి నత్త నవ్వుకుంది. ఆ నవ్వు ఎవరికీ కనపడలేదు, లేకపోతే దానిక్కూడా ఏదో ఒకటి అనేవాళ్ళు.

శుక్రవారం పరుగున ఇంటికొచ్చింది. గోడ గడియారం కింద నిలబడి, ముళ్ళు ఎలా ఉన్నాయో అలా చేతులు పెట్టి చూసుకుంది. ఇంకా కొంచెం ఉంది. ముఖం కడుక్కుని, జడ విప్పి వంకరటింకరగా తనే మళ్ళీ వేసుకుని, గుమ్మంలో కూర్చుంది. లేచి వెళ్ళి చూసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ వెళ్ళింది.

"నానమ్మా, నాలుగైంది."

"ఇంకా కాలేదే," అంది నానమ్మ, బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా.

"అయింది. పెద్ద ముల్లు నిటారుగా ఉంది. చిన్నది నాలుగు మీదుంది."

నానమ్మ చేతులు ఆగాయి. కిటికీ దగ్గర కుట్టు మిషన్ తొక్కుతున్న మేనత్త పకపకా నవ్వింది.

"దీనికి చదువొచ్చేసిందమ్మా. ఇక ఏం చెప్పుకుంటావో చెప్పుకో." నత్త వైపు తిరిగింది. "మీ అమ్మ నాలుగింటికీ రాదు, అయిదింటికీ రాదు. నువ్వూ వద్దు, మీ నాన్నా వద్దనుకుని పోయింది. పో, కాళ్ళు కడుక్కో."

"పసిదానితో ఏం మాటలే అవి," అంది నానమ్మ.

"నువ్వు రోజూ చెప్పే మాటలకన్నా నయమేలే," అని మేనత్త మళ్ళీ మిషన్ తొక్కింది.

నత్త గుమ్మంలోంచి చూసింది. వీధిలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగితే పెద్ద ముల్లు పన్నెండు దాటేసింది. అది కూడా చదవగలిగింది. అయ్యో తల్లీ, ఆ చదువేదో ఇంకో ఏడాదికి వచ్చినా పోయేది.

శనివారం పరీక్ష. నత్త వంతు వచ్చింది. టీచర్ అట్ట గడియారంలో ముళ్ళు తిప్పింది. ఏ గంటా దొరకనట్టు నాలుగే పెట్టింది, ఖర్మ.

"ఎంతైంది?"

నత్త చాలాసేపు చూసింది. "ఇంకా కాలేదు టీచర్."

"ఏం కాలేదు?"

"నాలుగు."

తరగతి గొల్లుమంది. టీచర్‌కు ఒళ్ళు మండింది. వారమంతా దీని చేతులతోనే అందరికీ నేర్పితే, దీనికి తప్ప అందరికీ వచ్చింది. "మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు," అంటూ రెక్క పట్టుకుని గోడ దగ్గరికి ఈడ్చుకెళ్ళి, బెత్తం, స్కేలు చేతుల్లో పెట్టింది. "నాలుగు పెట్టు."

నత్త కుడి చెయ్యి పక్కకి చాపింది, కొంచెం కిందికి. ఎడమ చెయ్యి ఎత్తింది. నిటారుగా వెళ్ళనివ్వకుండా పదకొండు దగ్గర ఆపేసింది.

టీచర్ ఆ చెయ్యి పన్నెండుకు నెట్టింది. నత్త వెనక్కి లాక్కుంది. మళ్ళీ నెట్టింది, మళ్ళీ లాక్కుంది. అరచేత్తో వీపు మీద చరిచింది. అయినా చెయ్యి పదకొండు వదల్లేదు.

"లీడర్, నువ్వొచ్చి పట్టుకో."

లీడర్ పిల్ల వచ్చి రెండు చేతులతో ఆ మోచెయ్యి పట్టుకుని, బలమంతా పెట్టి నిటారుగా నిలబెట్టింది.

"ఇప్పుడెంతైంది పిల్లలూ?"

"నాలుగు," అంది తరగతి ఒక్క గొంతుతో.

నత్త గోడతో ఏదో అంది. పక్కనే ఉన్న లీడర్ పిల్లకొక్కదానికే అది వినపడింది. వెనక్కి తిరిగి, నవ్వు ఆపుకోలేక అందరికీ చెప్పింది.

"ఇంకా కాలేదంట టీచర్."