కాగితం కప్పుల్లో బీరమొక్కలు

ఆసుపత్రికి బయల్దేరే ముందు మాణిక్యమ్మ మొగుడికి అప్పగించింది ఒక్కటే పని. వసారాలో కాగితం టీ కప్పుల్లో మొలిచిన బీరమొక్కలకు పొద్దునా సాయంత్రం గుక్కెడు నీళ్లు పొయ్యాలి. "గుక్కెడేనండి, చెంబెత్తి కుమ్మరించకండి," అని ఆటో ఎక్కాక కూడా చెప్పింది. మెడ దగ్గర గడ్డ గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు.

తెనాలిలో ఆపరేషన్ బాగానే జరిగింది. తీసిన గడ్డని పరీక్షకు పంపారు. అది మామూలుదా కాదా అన్నది ఇంకా తేలాలి. రేపల్లె నుంచి ఆమె అక్క కుసుమకుమారి వచ్చి తోడుగా ఉంటోంది. శేషగిరిరావు రోజూ కొలకలూరు నుంచి క్యారియర్ తీసుకెళ్లి, సాయంత్రం తిరిగొచ్చి, కప్పుల ముందు గొంతుక్కూర్చునేవాడు. ఖాళీ ఇల్లు చూస్తే అతనికి భయం వేసేది. చేతిలో పని లేకపోతే ఆ భయం ఇంకా పెరిగేది.

ఆ భయమే అతని చేత ఆ పని చేయించింది. మొక్కలు కప్పుల్లో ఇరుకుపడుతున్నాయనిపించింది. బుద్ధెరిగినప్పటి నుంచీ వరి పండించినవాడికి, నారు తీసి నాటడం ఇంకొకరు నేర్పాలా? మొక్కలన్నీ మొదలు దగ్గర పట్టుకుని లాగాడు. వేళ్ల మట్టి బకెట్టు నీళ్లలో శుభ్రంగా జాడించాడు. గడ్డిపరకతో కట్ట కట్టి, పెరట్లో పందిరి కింద బురద చేసి, వరసగా నాటేశాడు. మాణిక్యం వచ్చేసరికి తీగలు సాగుతాయని మురిసిపోయాడు కూడా.

మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చి చూస్తే ఒక్కటీ నిలబడి లేదు.

పక్కింటి జ్ఞానమ్మ గోడ మీద నుంచి చూసి నెత్తి కొట్టుకుంది. "అదేంటి అన్నయ్యగారూ, బీరకి వేరు కదిలితే ఇంకేముంది? కప్పు చింపి, మట్టిముద్దతో సహా గుంటలో పెట్టాలి. ఇదేమన్నా వరినారా?"

"మీ వదినకి చెప్పకమ్మా," అన్నాడు.

తనే చెప్పేస్తే పోయేది. కానీ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ మంచం మీదున్న మనిషికి, చచ్చిన మొక్కల కబురు ఏ నోటితో చెబుతాడు? మాణిక్యమ్మ అడిగితే "నవనవలాడుతున్నాయి," అన్నాడు. ఆమె ఫోటో తీసుకురమ్మంది. జ్ఞానమ్మ అరుగు మీద కప్పుల్లో సొరమొక్కలుంటే వాటిని ఫోటో తీసి పట్టుకెళ్లాడు. వడ్ల రకాలు గుప్పిట్లోకి తీసుకుని చెప్పగలడు గానీ, బీరాకుకీ సొరాకుకీ తేడా అతనికెక్కడ తెలుసు? మాణిక్యమ్మ ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "బాగున్నాయి," అని తిరిగిచ్చేసింది. ఆ తర్వాత మొక్కల ఊసే ఎత్తలేదు. గండం గడిచిందనుకున్నాడు శేషగిరిరావు.

మరుసటి సాయంత్రం డాక్టరు వరండాలో ఎదురై, "రిపోర్టు వచ్చిందండి. మామూలు గడ్డే, భయం లేదు," అని భుజం తట్టి, హడావిడిగా కారెక్కి వెళ్లిపోయాడు. శేషగిరిరావుకి ప్రాణం లేచొచ్చింది. మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కాడు.

"మాణిక్యం, ఏం లేదంట. మామూలు గడ్డేనంట. డాక్టరుగారే చెప్పారు."

ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. ఏదో వెతుకుతున్నట్టు అతని కళ్లలోకి చూసింది.

"మొక్కలు కూడా బాగానే ఉన్నాయన్నారు కదండీ," అంది. "అవి సొరమొక్కలు."

"చచ్చిపోయినయ్," అన్నాడతను. "నేనే పీకి చంపాను. నువ్వు బెంగ పడతావని చెప్పలేదు. గడ్డ సంగతి మాత్రం నిజం, నన్ను నమ్ము."

"నేను బెంగ పడతానంటే మీరు ఏదైనా చెబుతారని తెలిసిందిగా."

కుసుమకుమారి కల్పించుకోబోయింది. "నీకు చెప్పింది కూడా ఈయనేగా అక్కా," అని మాణిక్యమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "డాక్టరుగారిని పిలవండి. ఆయన చెబితే వింటాను."

ఫోను చేస్తే డాక్టరు ఎత్తలేదు. రిపోర్టు ఆయన దగ్గరే ఉందనీ, మళ్లీ రేపు పొద్దున్నే వస్తారనీ నర్సు చెప్పింది. శేషగిరిరావు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మాణిక్యమ్మ చప్పుడు కాకుండా ఏడుస్తోంది. తను చచ్చిపోతానని ఏడుస్తోందని అతనికి తెలుసు. కాదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.