రెండో కౌగిలి

ముందుగా ఒక మాట. ఇందులో అక్షరం తప్పు పడితే సరిచేసుకుని చదువుకోండి. నాకు చదువు అరవై దాటాక అబ్బింది, ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. చెయ్యి కూడా నెమ్మది. అందుకే అక్కర్లేనిది రాసే ఓపిక లేదు.

దర్జీ అక్కను ఎరగనివారు మా వీధిలో లేరు. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఒక మిషను, గోడకి నిలువుటద్దం. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి ఆ మిషను తొక్కి పెంచింది. వాడు బక్కపలచగా, ఒకచోట నిలవకుండా ఎగురుతూ ఉండేవాడని "పిచ్చుక" అని పిలిచేది. ఆ పిలుపు ఆమె ఒక్కదానిదే. ఇంకెవరైనా అలా పిలిస్తే వాడు మీదపడి కరిచేవాడు.

పిచ్చుక పెద్దయ్యాక టీవీలో చేరాడు. మొదట స్టూడియోలో వైర్లు చుట్టాడు, తర్వాత లైట్లు మోశాడు, ఆ తర్వాత ఎవరికో రావలసిన కుర్చీలో తాను కూర్చున్నాడు. మహా మాటకారి. ఎవరి కష్టం విన్నా వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. దొంగ నీళ్లు కావు, నిజమైనవే. కాకపోతే అవి ఆరేలోపే ఆ కష్టాన్ని కథ చేసి ఎవరికో వినిపించేసేవాడు.

ప్రొడ్యూసర్‌గా వాడి మొదటి సీరియల్‌ని ఊరంతా పనులు మానుకుని చూసింది. అందులో ఒక కుట్టుపని చేసే ఆడది. మొగుడు ఆమెను వదిలేసి ఆమె స్నేహితురాలితోనే వెళ్లిపోతాడు. పోతూ పోతూ, ఆమె ముందు రోజు కుట్టిచ్చిన కొత్త చొక్కా వేసుకుని మరీ పోతాడు.

దర్జీ అక్క మొగుడు అలా వదిలేసి పోయిన సంగతి అందరికీ తెలుసు. ఆ చొక్కా సంగతి మాత్రం ఆమె ఈ లోకంలో తమ్ముడికొక్కడికే చెప్పుకుంది.

మర్నాటి నుంచి కొట్టుకొచ్చిన ఆడవాళ్లు కొలతలిస్తూ ఓరకంట చూడటం మొదలుపెట్టారు. ఒకావిడైతే ఉండబట్టలేక, "అయితే నిజంగా ఆ చొక్కాతోనే వెళ్లాడా అక్కా?" అని అడిగేసింది. ఆ సాయంత్రం తమ్ముడు మిఠాయి పొట్లంతో, చెవుల దాకా నవ్వుతో వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"నన్ను తెర మీద ఆరేశావు కదరా."

"పేరు మార్చాను కదే అక్కా!"

"పేరు మార్చావు. చొక్కా మార్చడానికి చెయ్యి రాలేదా?"

"చొక్కా తీసేస్తే సీన్‌లో ఏముంటుందే?"

అక్క తలుపు వేసేసింది. వాడు కొన్నాళ్లు తిరిగాడు, తర్వాత మానేశాడు. ఏళ్లు గడిచాయి.

ఈలోగా వాడు ఇంకా పెద్దవాడయ్యాడు. విడిపోయిన అన్నదమ్ముల్ని, తల్లీకూతుళ్లని స్టేజీ మీద కలిపే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. దానికొక రూలు పెట్టాడు: మొదటి చూపు కెమెరాది. వచ్చిన ఇద్దర్నీ కారిడార్ ఆ చివర ఒకర్ని, ఈ చివర ఒకర్ని కూర్చోబెట్టేవారు. స్టేజీ ఎక్కేదాకా ఒకరి నీడ ఒకరి మీద పడకూడదు. "ముందే కలిసి ఏడ్చేస్తే ఇక స్టేజీ మీద ఏడవడానికి ఏం మిగులుతుంది?" అనేవాడు. ఎలా వాటేసుకోవాలో కూడా వాడే నేర్పేవాడు. మైకు కుడివైపు బట్టకి పెడతారు కాబట్టి తల ఎడమవైపుకి వాల్చాలి. మైకు నలిగిందా, మాట గోవిందా.

అక్క ఒక్క వారం కూడా వదలకుండా చూసేది. "పని చేసుకుంటూ ఏదో ఒక చప్పుడు ఉండాలిగా" అని దబాయించేది. చివర్లో వాడు వచ్చి దణ్ణం పెట్టేటప్పుడు మాత్రం మిషను ఆగిపోయేది. "మెడ దగ్గర చూడు, ఎలా వేలాడుతోందో. ఎవడో చేతకానివాడు కుట్టాడు" అని సణుక్కునేది.

ఎంతటి ప్రోగ్రాం అయినా జనానికి మొహం మొత్తుతుంది. రేటింగ్ పడిపోయింది. ఇంకొక్క వారం చూస్తాం, లేవకపోతే ఆపేస్తామని చానల్ వాళ్లు చెప్పేశారు. ఆ వారంలోనే వాడి అసిస్టెంట్ అమ్మాయి కొట్టుకొచ్చింది.

"సార్ మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటున్నారమ్మా."

"చూడాలనుంటే కాళ్లు లేవా?"

"మిమ్మల్ని తలుచుకోని రోజు లేదమ్మా."

"ఎక్కడ చూస్తాడట?"

ఆ అమ్మాయి నేల మీది గుడ్డముక్కల్ని చూస్తూ, "స్టూడియోలో" అంది.

అక్క అమాయకురాలు కాదు, అర్థమైంది. అయినా ఆ రోజే తెల్ల గుడ్డ తీసి చొక్కా కత్తిరించడం మొదలుపెట్టింది. కొలతలు టీవీలో చూసినవే. "వాడికి గుమ్మం ఎక్కడానికి సిగ్గు" అంది, కొట్టులో గుండీలు కుట్టే పెద్దమ్మతో. "సిగ్గు దాచుకోవడానికి అన్ని లైట్లు కావాలి కాబోలు. నాకు కావలసింది వాడు. ఎక్కడ దొరికితే నాకేం?"

స్టూడియోలో ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టారు. అద్దం చుట్టూ బల్బులు, పైన దుప్పటి కప్పిన చిరిగిన సోఫా, వణికించే ఏసీ. ఒళ్లో చొక్కా సంచి. పొద్దున అనగా వెళ్తే మధ్యాహ్నం దాటింది. కారిడార్‌లో వాడి గొంతు వినపడింది. లైట్లవాళ్ల మీద అరుస్తున్నాడు. అక్క లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. కాపలా అతను అడ్డం నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా. సార్ రూలు."

"అది సార్ గొంతు కాదయ్యా, మా తమ్ముడిది."

"ఇద్దరూ ఒకటే కదమ్మా!"

"అదే ఇవాళ తేలాలి."

చివరికి పిలిచారు. ఈ పక్క నుంచి అక్క, ఆ పక్క నుంచి తమ్ముడు. వాడు చెప్పాల్సిన మాటలన్నీ ముందే రాసుకుని బట్టీపట్టాడు. కానీ నెరిసిపోయిన అక్క తల చూడగానే ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పరుగున వచ్చి వాటేసుకున్నాడు. అందరికీ నేర్పినవాడు తానే తప్పు వైపుకి తల వాల్చేశాడు.

"పిచ్చుకా, ఇలా చిక్కిపోయావేంట్రా" అంది అక్క, రెండు చేతులతో వాడి వీపు తడుముతూ.

వాడు ఆమె చెవిలో, "తప్పయిపోయింది అక్కా. ఆ చొక్కా..." అన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చాడు. లైట్లూ జనమూ ఎటు పోయాయో అక్కకి తెలియలేదు. ఇన్నేళ్ల కోపం గుడ్డకంటిన సుద్దగీతలా రాలిపోయింది.

అప్పుడు చెవులకి డొప్పలు పెట్టుకున్నతను చెయ్యెత్తాడు.

"సార్, మాట రాలేదు. మైకు నలిగింది."

అక్క చేతుల కింద వాడి వీపు బిగుసుకుంది. వెక్కిళ్లు ఠక్కున ఆగిపోయాయి. మొహం తుడవడానికి వచ్చిన మేకప్ ఆమెతో, "వద్దు, తడి అలాగే ఉంచు" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"అక్కా, ఇంకొక్కసారి. తల ఎడమవైపు పెట్టు. ఇందాక పిచ్చుకా అన్నావే, అది అను. బ్రహ్మాండంగా ఉంది."

"నువ్వు చెప్పింది నాకు వినపడిందిరా."

"నీకు వినపడింది. జనానికి వినపడొద్దూ?"

అక్క వాడి మొహంలోకి చూసింది. "సరే" అంది.

రెండోసారి ఏ లోటూ రానివ్వలేదు. తల ఎడమవైపు పెట్టింది. పిచ్చుకా అని ఆఖరి వరసకి వినపడేలా పిలిచింది. సంచిలోంచి చొక్కా తీసి, కెమెరా దగ్గరికొచ్చేదాకా ఆగి మరీ వాడి భుజాన వేసింది. యాంకర్ ఏడ్చింది, కాపలా అతను ఏడ్చాడు. అందరికన్నా ముందు "ఓకే!" అని చప్పట్లు కొట్టింది తమ్ముడే.

ప్రోగ్రాం నిలబడింది. గంటకోసారి టీవీలో "పిచ్చుకా" అని అక్క గొంతే. వీధిలో పిల్లలు ఒకళ్లనొకళ్లు అలా పిలుచుకుని పగలబడి నవ్వుకునేవారు.

కొన్ని రోజులకు వాడు కొట్టుకొచ్చాడు. ఎవర్నీ వెంట తెచ్చుకోలేదు. ఒంటి మీద ఆ తెల్ల చొక్కా, దండెం మీది గుడ్డలా వేలాడుతోంది.

"రండి ప్రొడ్యూసర్ గారూ" అంది అక్క, మెళ్లో టేపు తీస్తూ. "వదులైనట్టుంది. చేతులు చాపండి."

వాడు వేళాకోళం అనుకుని నవ్వాడు. "ఏంటక్కా ఈ గారూ గీరూ! నేను పిచ్చుకని."

"ఆ పేరు ఇప్పుడు ఊరందరిదీ కదండీ."

ఆమె టేపు వాడి ఛాతీ చుట్టూ తిప్పి, వేలు కూడా తగలకుండా కొలిచింది. వాడి నవ్వు వాడిపోయింది.

"అక్కా, ఇక్కడ కెమెరా లేదు. నిజంగా చెప్తున్నా, తప్పయిపోయింది."

అక్క గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఒకటొకటిగా తీసి చొక్కా పక్కకుట్లకి గుచ్చింది. అన్నీ అయ్యాక అడిగింది.

"ఇది ఎన్నో టేకండీ?"

వాడు అద్దం ముందు చేతులు చాపుకుని అలాగే నిలబడిపోయాడు. అక్క చొక్కా విప్పించుకుని, వెనక కొక్కేనికి తగిలించింది. "శుక్రవారానికి అయిపోతుంది. మీరు రానక్కర్లేదు, ఎవర్నైనా పంపండి."

శుక్రవారం ఆ అసిస్టెంట్ అమ్మాయి వచ్చి పట్టుకెళ్లింది. ఇప్పుడు బాగా అమరి ఉంటుంది. దాని గుండీలు కుట్టింది నేనే.

గుండీల పెద్దమ్మ
డెబ్బై ఒకటి నిండాయి. ఆయన పోయినప్పటి నుంచి చిన్న కూతురి దగ్గర, మూడో అంతస్తులో, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను.