వరయాడు ఏ ఇంటిది

గొర్రెకు దగ్గరంట, మేకకు కాదంట, నేను కాలేజీలో మేకల పక్కనే రాసి మార్కులు తెచ్చుకున్నాను కదా, వరయాడు, మన మలై కొండల మీది అడవి జీవం, హిమాలయంలో ఇట్లాంటిదే ఇంకొకటి ఉందని కొమ్ము చూసి గిట్ట చూసి రెంటినీ ఒకే ఇంట్లో చేర్చినారు, ఇప్పుడు జీన్ చూస్తే దీని ఇల్లే వేరు అమ్మా అని వినోత్ నిన్న మలై దిగి వచ్చీరాగానే చెప్పినాడు, ముందు చెప్పులు విప్పరా అంటే విప్పినాడు, వాటి పెంటికలు ఏరి చిన్న సీసాల్లో తెచ్చే చదువు వాడిది, అత్తమ్మ ఊరుకుంటుందా, ఏమిరా, ఎమ్మెస్సీ చదివించినది పెంటికలు ఏరడానికా, అవ్వా, నీ ముక్కుపుడక కన్నా భద్రంగా పెట్టినాను చూడు, ఆమె నవ్వింది, నవ్వుతూనే వాడు కోరుకున్న మోనిష మాట తీసింది, ఆ పిల్లదీ మనదీ ఒకే ఇంటిపేరు, నీకు చెల్లెలు అవుతుంది, మరిచిపో.

పాలు పొంగబోయినాయి, మంట తగ్గించినాను, తమ్ముడు మహేంద్రన్ వచ్చే వేళ, తన కూతురు అభినయను వినోత్‌కు ఖాయం చేసుకోవడానికి, మేనమామ కూతురు, మురై, ఎవరూ కాదనలేని వరస, ఇంటిపేరు మేము ఏ కార్డులోనూ రాయము, ఇక్కడ అరవనాట ఇనిషియలే చాలు, పెళ్లి మాట వస్తేనే బీరువాలోని పట్టుచీరలా బయటికి తీస్తాము, మోనిష వాళ్లది తళవాయిపురం, రెండు కుటుంబాలు ఎప్పుడు విడిపోయినాయో అత్తమ్మకే తెలియదు, వాళ్లింట్లో చావు అయితే మనకు మైల కూడా లేదు, అయినా చెల్లెలు, అభినయకేమో నేనే జడ వేసినాను, వాడితో ఒకే పళ్లెంలో పెరుగన్నం పెట్టినాను, ఇద్దరివీ మా నాన్న చెవులే, పైన మడత పడినవి, ఆ పిల్లే ఫోన్‌లో అన్నది, అత్తా, వినోత్ బావ పక్కన మాలతో నిలబడితే నాకు నవ్వొస్తుంది, ఆపుకోలేను, నవ్వినట్టే చెప్పి చటుక్కున ఫోన్ పెట్టేసింది.

గేటు చప్పుడు, ఏమ్మా కాపీ అయిందా, అయింది అత్తమ్మా, అక్కా అని తమ్ముడు లోపలికే వచ్చినాడు, చేతిలో మల్లెపూల పొట్లం, వినోత్ మామను చూడలేదు, నన్నే చూస్తున్నాడు, ఇంటిపేరు వాళ్ల నాన్నది, నాకు తాళితో వచ్చింది, మరి వాడిలో సగం నేను కదా, జీన్ పాఠంలో మొదటి పేజీయే అది, ఈ ఇంట్లో ఎవరు చెల్లెలు, ఎవరు పెళ్లికూతురు అని తేల్చేటప్పుడు ఆ సగాన్ని ఎవరూ చూడలేదు, చదువుకున్న నేను కూడా, కూర్చో తమ్ముడా, కాపీ తాగు, తాగినాక చెబుతాను, నన్ను కూడా కలిపి చూస్తే వాడి చెల్లెలు అభినయే.