మూలనున్న చెయ్యి

"ఎడం పక్క మూలన ఎవరిదో చెయ్యి అడ్డొచ్చింది. దాన్ని లేపేసి, మిగతాదంతా ఆయిల్ పెయింటింగ్‌లా మార్చు" అన్నారు మా ఆయన, మానిటర్ మీద వేలు పెట్టి. ఆ వేలిముద్ర తుడిచే పని కూడా నాదే.

ఆ ఎవరిదో చెయ్యి నాది.

తప్పు ఆయనది కాదులెండి. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట 'చెయ్యి' అంటే కాఫీ చెయ్యి, ఇస్త్రీ చెయ్యి, బిల్లు చెయ్యి. అయిదు వేళ్లున్న చెయ్యి ఎదురుపడేసరికి పాపం, పోల్చుకోలేకపోయారు. పోయిన వేసవిలో ఆడపడుచు, మరిది పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు మేడ మీద తీసిన ఫొటో అది. కెమెరాకు టైమర్ పెట్టి, పరుగెత్తుకొచ్చి వాళ్లమ్మ పక్కన నిలబడ్డారు ఆయన. నేను కుర్చీలో ఉన్న అత్తగారికి మంచినీళ్ల గ్లాసు అందిస్తున్నాను. "ఒక్క క్షణం, నేనూ వస్తా" అంటే, "నువ్వెప్పుడైనా దిగొచ్చులే, ఇంట్లోదానివేగా!" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. ఫొటోలో ఆ నవ్వులు ఎంతో సహజంగా వచ్చాయి.

ఫొటో స్టూడియో ఆయనది, స్టూలు నాది. పొద్దున వంటింట్లో నూనె, మధ్యాహ్నం కంప్యూటర్లో నూనె. రెండో నూనె చిమ్మదు, అదొక్కటే తేడా. జీతం మాటెత్తితే "జీవితమే ఇచ్చానుగా" అంటారు. పైగా ప్రాస కుదిరిందని మురిసిపోతారు. ఇప్పుడీ బొమ్మను వీధివైపు అద్దాల్లో నమూనాగా పెడతారట. దారినపోయే ప్రతివాళ్లూ "ఇదన్నమాట వీళ్ల కుటుంబం" అనుకుంటారు. అందులోంచి నన్ను నాచేతే తుడిపించాలి! ఆడపడుచు అప్పుడే ఫోన్ చేసింది: "వదినా, నా గడ్డం కింద కాస్త తగ్గించవూ? నీ చేతిలో పనేగా!"

నా చేతిలో పనే.

ఫొటోను తైలవర్ణంగా మార్చడమంటే బటన్ నొక్కడమనుకుంటారు. నొక్కించుకోవడం నాకు అలవాటే కానీ, ఈ పని అది కాదు. ముందు బొమ్మ మొత్తాన్ని మసకబార్చాలి. రెప్పలు, ముడతలు, కుట్లు, అన్నీ కరిగిపోతాయి. వాటిలో ఏవి మళ్లీ కనబడాలో కుంచె పట్టిన మనిషి తేల్చాలి. ఒక్కో మనిషినీ ఒక్కో పొరగా వేసుకుంటూ, చెంపల మీద గుండ్రంగా, బట్టల మీద మడతల వెంబడి కుంచె నడుపుతూ మూలకొచ్చాను.

గ్లాసు తుడిచేశాను. చెయ్యి ఉంచాను.

కాన్వాసును ఎడంవైపుకి పెంచాను. ఈ ఇంట్లో ఎవర్నీ అడక్కుండా నేను చేసుకున్న మొదటి చోటు అదే. మణికట్టు నుంచి మోచెయ్యి, మోచేతి నుంచి భుజం, దాని పైన తల. పక్కన అద్దం పెట్టుకుని చూసి చూసి నా ముఖం వేసుకున్నాను. నవ్వించలేదు. గ్లాసు వదిలిన చేతిని హాయిగా అత్తగారి భుజం మీద వేశాను.

నేనే ఫ్రేము కట్టించి వీధివైపు అద్దాల్లో పెట్టాక చూశారు ఆయన.

"ఇదేంటే! ఫొటోలో నువ్వు లేవుగా?"

"మీ తమ్ముడి నెత్తిన జుట్టూ లేదు. వెయ్యమన్నారు, వేశాను."

"అది వేరు! ముందు నిన్ను తీసెయ్. నీ పొర ఒక్కటి ఎత్తేస్తే పోతుందిగా."

"పొరలన్నీ కలిపేశాను. ఇప్పుడదంతా ఒకటే బొమ్మ. నన్ను గీకితే మీ అమ్మగారి భుజమూ లేచిపోతుంది."

నేను కంప్యూటర్ ముందు నుంచి లేచి, డిజిటల్ పెన్ను ఆయనకు అందించాను.

"కూర్చోండి. ఎక్కణ్ణుంచి మొదలుపెడతారో చూస్తాను."