ఒకే గిన్నెలో అందరి ఉప్పు

నేను ఒక భోజనాల నమూనాను. కాగితం మీద ఉండేదాన్ని కాదు, కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటరులో ఉండేదాన్ని. నేనెలా ఉంటానో తెలియాలంటే మీ ఇంట్లో టిఫిన్ క్యారియర్‌ను తలచుకోండి. పైన పిడికి ఒక చీటీ ఉంటుంది. దాని మీద రోగి పేరు, మంచం నంబరు, జబ్బు. కింద మూడు గిన్నెలు: పొద్దుటిది, మధ్యాహ్నానిది, రాత్రిది. ఒక్కో దానిలో మళ్లీ చిన్న గిన్నెలు, అన్నానికీ పప్పుకీ కూరకీ మజ్జిగకీ. ఆ చిన్న గిన్నెలో ఒక మూల ఉప్పు ఎంతో రాసి ఉంటుంది. గిన్నెలో గిన్నె, అందులో మరో గిన్నె. ఇప్పుడు కాస్త తీరిక దొరికింది కాబట్టి చెబుతున్నాను గానీ, ఒకప్పుడు నాకు నోరు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు.

నన్ను తయారుచేసినామె ఇందుమతి. ఆసుపత్రివాళ్లు ప్రోగ్రాము రాయమని పిలిస్తే వచ్చి, వంటశాల పక్క గదిలో కూర్చుని, పథ్యాలు రాసే హైమావతి గారు చెప్పిందల్లా విని, నన్ను గిన్నె తరవాత గిన్నె పేర్చింది. మంచి పిల్ల. పనిమంతురాలు. కాకపోతే పని పూర్తయిందనిపించగానే టీ గుర్తొచ్చే రకం.

"హైమావతి గారూ, ఇక మీరు ప్రతి మంచానికీ మొదట్నుంచీ రాయక్కర్లేదండీ. దీనికో కాపీ తీసుకుని పైన పేరు మార్చుకోండి. కావాలంటే లోపల తిండి మార్చుకోండి" అంది.

"బతికించావమ్మా!" అంది హైమావతి గారు. ఆవిడ చేతులు రోజంతా రాసి రాసి నొప్పులు పుట్టి ఉన్నాయి మరి.

నా కష్టాలు ఆ కాపీ అన్న మాట దగ్గరే మొదలయ్యాయి. కాపీ అని మీరు తేలిగ్గా అనేస్తారు. యంత్రం ఆ మాటను ఎంతవరకు అర్థం చేసుకుందో అడగరు. ఇందుమతి రాసింది ఒక్క మాట. యంత్రం ఆ మాట ప్రకారమే కొత్త పిడి చేసింది, కొత్త చీటీ అంటించింది. గిన్నెల దగ్గరకొచ్చేసరికి, అవి ఉన్నాయి కదా, వాటినే వాడుకోమని దారి చూపించి ఊరుకుంది. వార్డులో ఇంతమంది పేర్లతో ఇన్ని క్యారియర్లు వేలాడుతున్నాయని అందరూ అనుకున్నారు. వేలాడుతున్నవి పిడులూ చీటీలే. గిన్నెలు మాత్రం అన్నిటికీ నావే.

ఇందుమతి పరీక్షించలేదని కాదు. ఒక కాపీ తీసి పేరు మార్చి చూసింది. నా చీటీ మీద పేరు మారలేదు. ఇంకేం, సరిగ్గానే ఉందని చేతులు దులుపుకుంది. పైపైన మార్చి చూస్తే పైపైన అంతా బాగానే ఉంటుంది. లోపల ఒక్క మెతుకు కదిపి చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

అక్కణ్ణుంచి నా ఒళ్లు నాది కాకుండా పోయింది. ఒకరికి ఇడ్లీ పడదని ఉప్మా రాస్తే అంతస్తు మొత్తానికీ ఉప్మాయే. ఒకరికి పెరుగు మాన్పిస్తే ఎవరికీ పెరుగు లేదు. మరి రోగులు గోల చెయ్యలేదా అంటారేమో. చెయ్యలేదు. ఆసుపత్రి తిండి అంటే ఇలాగే ఉంటుందని అందరూ ముందే సరిపెట్టుకుని ఉన్నారు. మనుషుల సహనం చూస్తే ముచ్చటేస్తుంది. సహించకూడనివే బాగా సహిస్తారు.

అప్పుడు వచ్చింది మంగతాయారు. కుంభాభిషేకం రేవులో చేపలమ్మే మనిషి. కిడ్నీలు రెండూ మొరాయించి, కాళ్లు వాచి వచ్చి చేరింది. ఉప్పు ముట్టకూడదని పెద్ద డాక్టరు గట్టిగా చెప్పాడు. హైమావతి గారు ఆమె పేరుతో కాపీ తీసి, లోపల ప్రతి గిన్నెలోనూ ఉప్పు తీసేసింది. తీసిన ప్రతి చిటికెడూ నాలోంచే పోయింది. నేను చప్పబడిపోయాను. నాతోపాటు ఆ అంతస్తంతా చప్పబడిపోయింది.

ఈసారి మాత్రం జనం ఊరుకోలేదు. ఇడ్లీ బదులు ఉప్మా పెడితే సర్దుకున్నవాళ్లు చప్పిడి పప్పు పెట్టేసరికి గంగవెర్రులెత్తారు. వంటశాల పెద్ద నూకరాజు ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు.

"మేడమ్ గారూ, మీ కంప్యూటరు ఏది చూపిస్తే అదే వండుతున్నామండీ మేం. హెర్నియా ఆపరేషనాయన కంచం ఇసిరేశాడండీ! ఉప్పుకేం కరువొచ్చిందని మా కుర్రోళ్లని తిడతన్నారు."

హైమావతి గారు తెర చూసి ముక్కున వేలేసుకుంది. ఎవరో పొరపాటున నొక్కి ఉంటారనుకుని, ఆ హెర్నియా ఆయన కాపీ తెరిచి ఉప్పు మామూలుగా రాసేసింది. మిగతావాళ్లవి చూస్తే అవీ వాటంతటవే సర్దుకుని ఉన్నాయి. ఆవిడ సంతోషించింది. మంగతాయారుది మాత్రం తెరిచి చూడలేదు. దాన్ని తన చేత్తో తానే రాసింది, ఇంకా అనుమానం దేనికి?

చూసి ఉంటే పైన చీటీ మీద కిడ్నీ జబ్బు అనే ఉండేది. లోపల గిన్నెలో ఉప్పు మామూలు అని ఉండేది. వంటశాలకు కావలసింది గిన్నె, చీటీ కాదు. నాకు అన్నీ తెలుసు. అరవడానికి నోరు లేదు. ఎవరైనా వచ్చి చూస్తే చూపించడం తప్ప నాకు చేతనైనది ఏదీ లేదు.

ఆ మధ్యాహ్నం మంగతాయారు పప్పన్నం నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ట్రే తెచ్చిన ఆయాతో, "ఇయ్యాల పప్పు పప్పులాగుందమ్మా. డాట్రుగారికి నా మీద దయ పుట్టినట్టుంది" అంది. చేరకముందు వారం రోజులు ఇంట్లో కూడా చప్పిడే తిన్న ప్రాణం. మరి కాస్త అడిగి వేయించుకుంది. రాత్రీ తింది, మర్నాడూ తింది. ఫిర్యాదు చెయ్యవలసిన మనిషి ఆమె ఒక్కర్తే. ఆమెకేమో తిండి నచ్చింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

రెండో రోజు సాయంత్రానికి ముఖం ఉబ్బింది. ఊపిరి అందక మంచం మీద లేచి కూర్చుని, కిటికీ ఊచలు పట్టుకుని గస పెట్టింది. డయాలిసిస్ గదిలోకి పరుగున తీసుకుపోయారు. పెద్ద డాక్టరు హైమావతి గారిని నిలబెట్టి అడిగాడు. "ఉప్పు వద్దన్నానా లేదా?"

"తీసేశానండీ. నా చేత్తో తీసేశాను" అంది ఆవిడ. తెర మీద చూస్తే ఉప్పు మామూలు.

ఇందుమతిని పిలిపించారు. ఆమె రెండు కాపీలు పక్కపక్కన తెరిచి, హెర్నియా ఆయన గిన్నెలో ఉప్పు తీసింది. పక్కన మంగతాయారు గిన్నెలో కూడా ఉప్పు పోయింది. మళ్లీ వేసింది. అక్కడా వచ్చింది. "మీరు రాసిందే కరెక్టండీ. వీళ్లెవరికీ వేరే గిన్నెలు లేవు. నేను పిడి ఒక్కటే కాపీ తీశాను" అంది హైమావతి గారి వంక చూడలేక. మంగతాయారు ఇంకా డయాలిసిస్ గదిలోనే ఉంది. అందరి చూపూ ఆ తలుపు మీదే ఉంది.

అర్ధరాత్రి లోపే ఆమె గండం గడిచింది. ఆ మాట వినేదాకా ఇందుమతి కుర్చీలోంచి లేవలేదు. విన్నాక కూడా ఇంటికి వెళ్లలేదు, నన్ను సరిచెయ్యడానికి కూర్చుంది. ముందు తానే ప్రతి గిన్నెలోకీ దిగి కాపీ తీసే పద్ధతి రాసింది. నాలో వార్డును చూపించే దారి ఒకటుంది, వార్డులోంచి మళ్లీ నా దగ్గరికి వచ్చే దారీ ఉంది. కాపీ ఆ రెండిటి మధ్యా గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోయింది, యంత్రం కొయ్యబారింది. ఆపైన, ప్రోగ్రాము రాసే భాషలోనే సిద్ధంగా ఉన్న లోతు కాపీ పద్ధతిని వాడింది. అది ఏ గిన్నెను ఒకసారి కాపీ తీసిందో గుర్తు పెట్టుకుంటుంది, రెండోసారి అక్కడికే వస్తే ఆగిపోతుంది. అందరికీ వేరువేరు గిన్నెలు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడే నూకరాజు మళ్లీ వచ్చాడు. "అమ్మా, స్టోరులో కొబ్బరి బొండాలు ఒక్క గెల ఉందండీ. మీ కంప్యూటరేమో మంచానికో గెల ఉందంటంది. నేను యే చెట్టెక్కాలండీ?"

నాలో స్టోరు చిట్టా కూడా ఉంది. లోతుగా కాపీ తీయమంటే యంత్రం దాన్నీ వదల్లేదు, మంచానికో స్టోరు పుట్టించింది. మొదట ఏదీ విడదీయలేదు, తరవాత అన్నీ విడదీసింది. ఇందుమతి ఈసారి టీ తెప్పించుకోలేదు. నా ముందు కూర్చుని ఒక్కో గిన్నెనూ ఇది రోగిదా, ఇది అందరిదా అని అడిగి చూసింది. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే నాకింత అలసట ఉండేది కాదు. తిండి గిన్నెలు ఎవరివి వాళ్లకు ఇచ్చింది. స్టోరును ఒక్కటిగానే ఉంచింది. చివరికి నాకు తాళం వేసింది. ఇప్పుడు నన్ను చూసి కాపీ తీసుకోవచ్చు గానీ, నాలో చెయ్యి పెట్టడం ఎవరికీ కుదరదు.

తాళం పడ్డాక నాకు మొదట బోసిగా అనిపించింది. ఇన్నాళ్లూ అందరి వేళ్లూ నాలోనే ఉండేవి. ఇప్పుడు ఎవరికి ఏం మారినా నాకు తగలదు. అలసిపోయిన ఒంటికి అదీ సుఖమేనని తరవాత తెలిసింది.

మంగతాయారు తేరుకుని మళ్లీ వార్డులోకి వచ్చిన రోజు హైమావతి గారు తానే ట్రే పట్టుకుని వెళ్లింది. మంగతాయారు ఒక ముద్ద తిని ముఖం చిట్లించింది.

"మళ్లీ సప్పిడేనేంటండీ?"

హైమావతి గారు పక్క మంచం మీది హెర్నియా ఆయన వైపు తిరిగింది. "మీ పప్పు ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండీ. ఉప్పు సరిపోయింది."

ఆవిడ మంగతాయారు మంచం అంచున కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మంగతాయారుకు ఏమీ అర్థం కాలేదు. "అయ్యో, తింటానులెండి, ఏడవకండమ్మా" అని రెండో ముద్ద కలుపుకుంది.

ఆ పూట ఆ అంతస్తులో చప్పిడి తిన్నది ఆమె ఒక్కర్తే. నా గిన్నెల్లో ఉప్పు ఉన్నది ఉన్నట్టే ఉంది.