ఎర్రనూలు కుట్లు

2022 మార్చి తొమ్మిదిన ఉమామహేశ్వర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాడు. నోట్లో కారం తగ్గకముందే, మిషను రిబ్బను మారుస్తుండగా, ఓబులేసు అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. టైపు మిషనుకు రిబ్బను మార్చినప్పుడల్లా ఉమామహేశ్వరకు అదే గుర్తొస్తుంది. ఇవాళా మారుస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా కోయిలకుంట్ల కోర్టు ఎదుట ఒంటిగదిలో అర్జీలు టైపు చేసే పని. వేళ్ల కొసలకు నల్లటి మరక నిలిచిపోయింది. భార్య పోయాక దాన్ని తోమి కడగడం కూడా మానేశాడు.

ఆ రోజు ఓబులేసు చొక్కా చిరిగి ఉంది. మగ్గం నేసుకునే మనిషి. సంతలో ఇద్దరు పట్టుకుని కొట్టారు. ఇంగ్లీషులో రాస్తే పై అధికారులు చదువుతారని అర్జీ రాయించుకున్నాడు. ‘నన్ను కొట్టారు’ అన్నచోట ఉమామహేశ్వర ‘అఫ్రే’ అని టైపు చేశాడు. డిగ్రీలో చదివిన మాట, బరువుగా ఉంటుందనుకున్నాడు. ఆ మాట పట్టుకుని పోలీసులు ఓబులేసుతో సహా ముగ్గురి మీదా కేసు కట్టారు.

నిఘంటువు ఆ తర్వాత తీశాడు. నలుగురు తిరిగే చోట ఇరుపక్షాలూ కొట్లాడుకోవడం అని అర్థం. కింద చిన్న అక్షరాల్లో దాని పుట్టుక: పాత ఫ్రెంచి మాట, శాంతిలోంచి బయటికి లాగెయ్యడం.

ప్రతి వాయిదాకూ ఓబులేసు ఈ గదిలోనే కూర్చునేవాడు. ఉమామహేశ్వర కుండలో నీళ్లు ముంచి ఇచ్చేవాడు. తాను రాసిన మాట వల్లే కేసు పడిందన్న సంగతి మాత్రం అతని నోరు దాటేది కాదు. ఒకసారి ఆ నిఘంటువు అట్ట ఊడితే, ఓబులేసే మగ్గం దగ్గరి ఎర్రనూలు తెచ్చి కుట్టాడు.

“ఇంత లావు బుక్కులో వట్టిగ తన్నులు తిన్నోనికి ఒక మాట ల్యాకపాయనా అప్పా?” అని నవ్వాడు కూడా.

ఇవాళ మళ్లీ వాయిదా. ఇవాళ చెప్పేయాలి. కుండ నింపి, గ్లాసు కడిగి బోర్లించాడు. పన్నెండు దాటాక ఓబులేసు భార్య సిద్దమ్మ ఒక్కతే వచ్చింది.

“యాడమ్మా ఓబులేసు?”

“పోయినాడన్నా. పదిదినాలాయ. మగ్గం గుంతలో కూచున్నోడు కూచున్నట్టే.” కొంగు సర్దుకుంది. “ఆయప్ప పోయినట్టు కోర్టుకు కాగితం రాపిచ్చుకోని రమ్మన్యాడు లాయరు.”

అతను మిషనులోకి కాగితం ఎక్కించాడు.

“తప్పు నాదమ్మా. ఆ పొద్దు నేను రాసిన మాట వల్లనే...”

“తెల్సున్నా. మొదటి వాయిదాలోనే లాయరు చెప్పె. ‘మనకు తెల్సని ఆయప్పకు చెప్పగాకు, అన్నం సయించదు’ అన్యాడు మా ఇంటాయన.”

ఈసారి తెలుగులోనే టైపు చేశాడు. మూడే వాక్యాలు. ఆమె నీళ్లు తాగి, గ్లాసు మళ్లీ బోర్లించి వెళ్లింది.

ఎండ దిగింది. కోర్టు మెట్లు ఖాళీ అయ్యాయి. ఉమామహేశ్వర చప్పుడు కాకుండా తలుపు చేరవేసి తాళం వేశాడు. లోపల బల్ల మీద నిఘంటువు, దాని వీపున ఓబులేసు కత్తిరించడం మరిచిన ఎర్రనూలు కొస.