ఒంటి చెయ్యి జాకెట్టూ, నేనూ

నేను ఒక చేతిగడియారాన్ని. ఫారిన్ సరుకని చెప్పి విశాఖపట్నం రేవు దగ్గర ఒక పెద్దమనిషి నన్ను సాలూరు దాలయ్య టైలరుకు అంటగట్టాడు. నా చక్రాలు ఒక గడియారానివి, ముళ్ళు ఇంకోదానివి. అయినా దాలయ్య నన్ను చివరిదాకా ఫారిన్ వాణ్ణనే నమ్మాడు, నేనూ కాదనలేదు. రోజూ పళ్ళు తోమకముందే నాకు కీ ఇచ్చేవాడు. తర్వాత రోజంతా నన్ను చూపిస్తూ, ‘నాలుగింటికల్లా ఇచ్చెత్తానమ్మా’ అని వచ్చినవాళ్ళందరికీ అబద్ధాలు చెప్పేవాడు. నాలుగు గంటలంటే ఏమిటో నాకు తెలుసు. ఆయనకే తెలియదు.

ఆరేళ్ళ కిందట ఆయన పోయాడు, నేనూ ఆగిపోయాను. కూతురు ఈశ్వరి నన్ను రిపేరుకు పట్టుకెళ్తే, లోపలంతా నూనె గడ్డకట్టిందనీ ఇక ఆశ వదులుకోమనీ చెప్పారు. దాలయ్య భార్య అసిరమ్మ మాత్రం నన్ను పారేయనివ్వలేదు. ప్రతి దసరాకూ కత్తెర, ఇస్త్రీపెట్టెల పక్కన నన్నూ పూజలో కూర్చోబెట్టేది. పనీపాటా లేనివాడికి ఆయుధపూజేమిటని నాకు సిగ్గేసేది.

ఈ దసరాకు కొంప మునిగింది. పోస్టుమాస్టరుగారి అమ్మాయికి ఆ రోజే నిశ్చితార్థం. పదింటికల్లా జాకెట్టు ఇవ్వాలి. ఈశ్వరి ఒక చెయ్యి అతికి, రెండోది తలంటుకున్నాక కుడదామని వెళ్ళింది. వచ్చేసరికి అసిరమ్మ మిషనుకు బొట్లు పెట్టేసి, దండ వేసేసి, దీపం కూడా వెలిగించేసింది. జాకెట్టు సూది కిందే ఉండిపోయింది.

“అమ్మా, దానికి ఒక చెయ్యే ఉందే.”

“ఉంటే ఉండనీ. బొట్టెట్టిన మిసను రేపటిదాకా ముట్టకూడదు. మీ నాన్న ఏ దసరాకైనా ముట్టినాడేటి?”

“ఒంటి చెయ్యి జాకెట్టేసుకుని ఆ పిల్ల పీటలమీద కూకుంటాదా?”

వీధిలో టైలర్లందరి మిషన్లకూ అప్పటికే బొట్లు పడిపోయాయి. ఈశ్వరి గోడవైపు తిరిగి కూర్చుంది. తండ్రి పోయాక ఎంతో కష్టపడి నిలబెట్టుకున్న కొట్టు అది. ‘దాలయ్యే నయం, ఆలీసంగానైనా ఇచ్చేవోడు’ అని ఊరంతా అంటుందని ఈశ్వరి భయం.

అసిరమ్మ కాసేపు కూతురి వీపు వంక చూసింది. చటుక్కున బంతిపూల మధ్య నుంచి నన్ను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“ఓలి ఈశ్వరీ, మీ నాన్న వాచీ నడస్తందే.”

“ఏదీ, ఇలాగియ్యి.”

“నీకినపడదులే. ఆయనే పని మొదలెట్టీసినాక మనకేటి అడ్డు? దండ తీసి మిసను తొక్కు.”

నేను నడవడం లేదు. నా మీద ఒట్టు. ఈశ్వరి నా ముళ్ళ వంక చూసింది, తల్లి మొహం వంక చూసింది, మిషను ముందు కూర్చుంది. ఆ ఇంట్లో అబద్ధాలు దాలయ్యతోనే పోయాయనుకున్న నాదే బుద్ధితక్కువ.

కూతురు మళ్ళీ అడుగుతుందేమోనని అసిరమ్మ నన్ను గుప్పిట్లో దాచుకుని గబగబా నాలుగు కీలు తిప్పింది. పొద్దున్నుంచి దీపం పక్కన ఉండి నూనె కరిగిందో, ఆ గుప్పిటి వేడే పనిచేసిందో, నా కడుపులో ఏదో కదిలింది. టిక్కుమన్నాను. మళ్ళీ టిక్కుమన్నాను. నాకే భయమేసింది.

అసిరమ్మకు ఇంకా భయమేసింది. గుప్పిట తెరిచి చూసి ఠక్కున మూసేసింది. మిషను చప్పుడులో ఈశ్వరికి ఏమీ వినపడలేదు. అసిరమ్మ నన్ను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా అంది: “నేనూరికే అన్నానయ్యా. నిజంగా రమ్మనలేదు.”

ఆగిపోదామనే చూశాను, నాకు చేతకాలేదు. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

అరగంటలో రెండో చెయ్యి అతికింది. “హుక్కులు నువ్వు కుట్టీయమ్మా” అని ఈశ్వరి జాకెట్టు తల్లి ఒళ్ళో వేసి, కాగితం సంచీ కోసం లోపలికి వెళ్ళింది. అసిరమ్మ చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను ఎదురుగా పీటమీద పెట్టుకుంది.

“ఎలాగూ వచ్చీసినావు కదా,” అంది, “నాకు కళ్ళానవు. ఆ సూదిలో దారమెక్కించు.”